పైసలిచ్చి కొన్న పసీనా

మే నెల, పొద్దున ఆరున్నర. రోడ్డు మీద అప్పుడే ఎండ సురసురమంటోంది. అలాంటి పూట బంజారా హిల్స్‌లో ఒక గాజు తలుపు ముందు నిలబడి, ఫోన్‌తో వెయ్యి రూపాయలు కట్టి, బయటికన్నా పది డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉన్న గదిలోకి నా అంతట నేనే నడుచుకుంటూ పోయాను. దాన్ని హాట్ యోగా అంటారు. ఇంటికొచ్చి చెప్తే మా బేగం నవ్వు ఆపుకోలేకపోయింది. "క్యా జీ, పసీనా నికాల్నే కు పైసే? మేరే బావర్చీఖానే మే ఆజావ్, ముఫ్త్ మే నికలింగా" అంది. చెమట కోసం పైసలెందుకు, నా వంటింట్లో నిలబడు, ముఫ్తుగా కారుతుంది అని. ఆ మాటకు ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.

అంతా నడుము నొప్పితో మొదలైంది. ఇరవై ఏళ్లు డెస్కులో కూర్చుని వార్తలు దిద్దిన నడుము అది. డాక్టర్ సాబ్ ఎక్స్‌రే చూసి, మందులు తగ్గించి కసరత్తు పెంచమన్నాడు. ఆఫీసులో ఒక కుర్రాడు "అన్నా, హాట్ యోగా చెయ్, పట్టేసిన కండరాలన్నీ వదులైతయ్" అన్నాడు. నెల రోజుల్లో మూడు చోట్ల మూడు రకాల క్లాసులకు పోయాను. నడుము సంగతి తర్వాత చెప్తాను. జర్నలిస్టు బుద్ధి ఊరుకోదు గదా! ఈ వేడి గది ఎవరి సోచ్, ఎక్కడి నుంచి వచ్చింది అని తవ్వుకుంటూ పోతే తేలిన తారీఖ్ ఇది. ఉర్దూలో తారీఖ్ అంటే తేదీ కూడా, చరిత్ర కూడా.

మొదటి చోట గది మూడు వైపులా అద్దాలు. నేల మీద చాపలు, చాపల మీద తువాళ్లు. గోడ మీద థర్మామీటర్ 40 చూపిస్తోంది. గాలి తడిబట్టలా ముఖానికి అంటుకుంటోంది. రెండు నిమిషాల్లో కళ్లజోడు మసకబారితే తీసి పక్కన పెట్టాను. ఉస్తాద్ ఎవరంటే పాతికేళ్ల అమ్మాయి. చిన్న అరుగు మీద నిలబడి, తాను ఆసనం వేయకుండా, ఇంగ్లీషులో ఆపకుండా హుకుములు జారీ చేస్తుంది. అన్నీ కంఠోపాఠం. 90 నిమిషాలు, 26 ఆసనాలు, మొదట్లో ఒకటి, చివర్లో ఒకటి శ్వాస కసరత్తు. దునియాలో ఎక్కడికి పోయినా ఇదే వరస, ఇవే మాటలు అని ముందే చెప్పింది. ఒంటికాలి మీద నిలబడి రెండో కాలును రెండు చేతులతో పట్టుకుని ముందుకు చాపే ఆసనం దగ్గర నాకు చుక్కలు కనిపించాయి. కూర్చుండిపోయాను. కూర్చున్నా పర్వాలేదు, గది దాటి మాత్రం పోవద్దట.

నా ఇజ్జత్ కాపాడింది రెండో సగంలో వచ్చిన అర్ధ కూర్మాసనం. మడమల మీద కూర్చుని, చేతులు తల మీదుగా చాచి, నుదురు నేలకు ఆనించాలి. నా చుట్టూ జిమ్ముల్లో కండలు పెంచిన సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు మోకాళ్లు మడవలేక మూలుగుతున్నారు. నేను హాయిగా కూర్చున్నాను. ఏడేళ్ల వయసు నుంచీ నమాజ్‌లో ఖాయిదాలో మడిచిన మోకాళ్లివి. ఆ అమ్మాయి నన్ను చూసి, ఇంతకుముందు ప్రాక్టీస్ ఉందా సర్ అని అడిగింది. "డైలీ మేడమ్" అన్నాను. అబద్ధం కాదు గదా.

రెండోది గచ్చిబౌలి దిక్కు. ఇక్కడ ఆవిరి లేదు. గోడలకు ఇన్‌ఫ్రారెడ్ ప్యానెళ్లు, ఎర్రటి మసక వెలుతురు, దడదడమనే పాటలు. గంటసేపు క్లాసు. ఒక ఆసనంలో నుంచి ఇంకో ఆసనంలోకి ఆగకుండా జారిపోతూ ఉండాలి. ఇక్కడ సూర్య నమస్కారాలు ఉన్నాయి. మొదటి చోట ఆ 26లో అవి లేవు. 2015లో మొదటి యోగా దినోత్సవం అప్పుడు సూర్య నమస్కారాల మీద టీవీల్లో జరిగిన లొల్లి యాదికుందా? నేనూ మైకు పట్టుకుని మదీనా చౌరస్తాలో పది మందిని అడిగినవాణ్నే. చివరికి ఆ ఏడాది సర్కారు కార్యక్రమంలో అవి లేనే లేవు. ఖైర్, అసలు సంగతికొస్తాను. క్లాసయ్యాక నీళ్లు తాగుతూ, ఈ వేడి గదిలో యోగా కనిపెట్టిందెవరు అని అక్కడి ఉస్తాద్‌ను అడిగాను. అతని ముఖం మారిపోయింది. "ఆ పేరు మేం ఇక్కడ ఎత్తం సర్" అన్నాడు.

వాళ్లు ఎత్తని పేరు బిక్రమ్ చౌధురి. 1944లో కలకత్తాలో పుట్టాడు. ఆయన ఉస్తాద్ బిష్ణు చరణ్ ఘోష్. 'ఒక యోగి ఆత్మకథ' రాసిన పరమహంస యోగానందకు ఈ ఘోష్ సొంత తమ్ముడు. అన్న 1920లో అమెరికా పోయి రూహ్ సంగతి చూసుకుంటే, తమ్ముడు 1923లో కలకత్తాలో వ్యాయామ కళాశాల పెట్టి జిస్మ్ సంగతి చూసుకున్నాడు. బెంగాలీలు పిరికివాళ్లు, బలహీనులు అని తెల్లదొరలు ఎగతాళి చేసే జమానా అది. జవాబుగా బెంగాల్‌లో గల్లీ గల్లీకి అఖాడాలు లేచాయి. ఘోష్ కాలేజీలో ఆసనాల పక్కనే బార్‌బెల్ కూడా ఉండేది. కండరాలను ఒక్కొక్కటిగా ఆడించడం మీద ఆయన 1930లో ఒక కితాబే వేశాడు. రేబా రక్షిత్ అనే ఆయన శిష్యురాలు ఛాతీ మీద ఏనుగును నడిపించుకునేది. మన కోడి రామమూర్తి నాయుడి సర్కస్ కథలు విన్నవాళ్లకు ఇది వింతేం కాదు.

ఘోష్ పద్ధతిలో నాకు అన్నిటికన్నా నచ్చింది వేరే. రోగి పోతే, మనిషిని చూసి, తబియత్ కనుక్కుని, నువ్వు ఈ ఆసనాలు ఇన్నిసార్లు చెయ్యి అని కాయితం మీద రాసిచ్చేవాళ్లు. మన చార్మినార్ పక్కన నిజామియా తిబ్బీ కాలేజీలో హకీమ్ సాబ్ నబ్జ్ పట్టుకుని చూసి రాసే నుస్ఖాలాంటిదే. నీ నుస్ఖా నీది, నాది నాది. పక్కింటాయన మందు నేను మింగితే హకీమ్ సాబ్ కోప్పడతాడు. ఇక గదికి హీటర్ సంగతంటారా, అది ఆ చికిత్సలో లేనే లేదు. కలకత్తాకు హీటరెందుకు?

హీటర్ వచ్చింది పరదేశంలో. ఘోష్ 1970లో పోయాడు. ఆ కాలంలోనే బిక్రమ్ జపాన్‌లోనూ, తర్వాత అమెరికాలోనూ పాఠాలు మొదలుపెట్టాడు. జపాన్ చలికి శిష్యుల ఒళ్లు వంగకపోతే, కలకత్తా ఎండను గదిలోకి తెద్దామని హీటర్లు పెట్టానని తనే చెప్పుకున్నాడు. నిజమో కిస్సానో గానీ, వతన్ వదిలి పోయినవాడు తన ఊరి ఎండను వెంట తీసుకుపోవడం అనే మాట నాకు నచ్చింది. మా చాచా దుబాయ్ నుంచి వచ్చినప్పుడల్లా మా ఊరి చింతపండు కట్టించుకుని పోయేవాడు. కాకపోతే చాచా ఆ చింతపండు మీద హక్కు అడగలేదు.

బిక్రమ్ అడిగాడు. ఉస్తాద్ ఒక్కొక్కరికి విడిగా రాసిన ఆసనాల నుంచి 26 తీసి, ఒకే వరస చేసి, అందరికీ ఇదే మందు అన్నాడు. బెవర్లీ హిల్స్‌లో సినిమా తారలు వరస కట్టారు. 1970ల చివర్లో పుస్తకం వచ్చింది. తర్వాత ఉస్తాద్‌లను తయారుచేసే శిక్షణ: తొమ్మిది వారాలు, పెద్ద హోటళ్లలో, వందల మందికి ఒకేసారి, తలకు పది వేల డాలర్లకు పైనే. 2002లో ఆ 26 ఆసనాల వరస తన సొత్తేనని అమెరికాలో కాపీరైట్ కింద నమోదు చేయించాడు. పర్మిషన్ లేకుండా నేర్పేవాళ్ల మీద లాయర్ నోటీసులు మొదలయ్యాయి.

ఇదే రోజుల్లో మన దేశంలో ఒక మంచి పని జరుగుతోంది. పుండు మీద పసుపు రాస్తే మానుతుందని మన నానీలకు, దాదీలకు తెలిసిన సంగతి మీద 1995లో అమెరికాలో పేటెంట్ ఇచ్చేశారు. మనవాళ్లు కొట్లాడి 1997లో రద్దు చేయించారు. ప్రతిసారీ ఇలా కోర్టుల చుట్టూ తిరగలేమని 2001లో సంప్రదాయ విజ్ఞానాన్నంతా కంప్యూటర్లలోకి ఎక్కించడం మొదలుపెట్టారు. సీఎస్ఐఆర్, ఆయుష్ కలిసి చేసిన ఆ డిజిటల్ లైబ్రరీలోకి తర్వాత ఆసనాలూ చేరాయి. నేను ఆగిపోయిన చోటు ఇదే. ఆ లైబ్రరీలో సంస్కృత ఆయుర్వేదం, తమిళ సిద్ధ వైద్యం, యోగాతో పాటు అరబీ, ఫార్సీ, ఉర్దూ కితాబుల్లోని యునానీ నుస్ఖాలు కూడా ఉన్నాయి. మన అల్మారాల్లో చెదలు పడుతున్న తిబ్బీ కితాబులూ, పతంజలీ ఒకే తాళం కింద చోరీ నుంచి హిఫాజత్ పొందుతున్నారు. టీవీ డిబేట్లలో ఈ ముక్క ఎవరూ చెప్పగా నేను వినలేదు.

బిక్రమ్ దావా చివరికి నిలబడలేదు. 2012లో అమెరికా కాపీరైట్ ఆఫీసే ఆసనాల వరసకు హక్కు రాదని తేల్చింది. బిక్రమ్ దగ్గరే నేర్చుకుని సొంతంగా స్టూడియో పెట్టుకున్న ఇద్దరి మీద వేసిన కేసులో 2015 అక్టోబర్‌లో అప్పీలు కోర్టు కూడా అదే మాట చెప్పింది. పుస్తకంలోని మాటలు నీవి, ఆరోగ్యం కోసం ఒళ్లు వంచే పద్ధతి నీది కాదు అన్నది ఆ తీర్పు సారాంశం. పాకశాస్త్రం పుస్తకం మీద హక్కుంటుంది గానీ, బిర్యానీ వండొద్దని ఎవరన్నా అనగలరా?

అంతకన్నా చెడ్డది ఇంకొకటుంది. 2013 నుంచి శిష్యురాళ్లు ఒక్కొక్కరుగా కోర్టుకెక్కారు. లైంగిక వేధింపులు, అత్యాచారాలు. అతను అన్నీ కాదన్నాడు. 2016 జనవరిలో లాస్ ఏంజెలస్ జ్యూరీ, అతని దగ్గరే న్యాయ సలహాదారుగా పనిచేసిన మీనాక్షీ జాఫా-బోడెన్ కేసులో 70 లక్షల డాలర్లకు పైగా కట్టమంది. కట్టకుండా దేశం వదిలిపోయాడు. 2017లో అరెస్ట్ వారెంట్ వచ్చింది. కంపెనీ దివాలా తీసింది. ఉస్తాద్-శాగిర్ద్ రిష్తాలో శాగిర్ద్ కళ్లు మూసుకుని ఒళ్లు అప్పగిస్తాడు. వంచమంటే వంచుతాడు, ఆగమంటే ఆగుతాడు. గది దాటి పోవద్దంటే పోడు. ఆ మొదటి క్లాసులో చుక్కలు కనిపించినా నేను లేచి బయటికి పోలేదు, పెద్ద మనిషిని అయ్యుండీ! ఇరవై ఏళ్ల పిల్లలు ఎలా పోగలరు? స్టూడియోలు ఆ పేరు చెరిపేసి 'హాట్' అని మార్చుకున్నది అందుకే. పేరు పోయింది, వరస, వేడి మిగిలాయి.

మూడో చోటు మెహిదీపట్నం దిక్కు, పాత అపార్ట్‌మెంట్‌లో ఆఖరి అంతస్తు. పైకప్పు మీద పడే ఎండ, కిటికీలు మూసేసిన గది, అంతే. హీటర్ కొనే పైసలు లేవని ఉస్తాదే నవ్వుతూ చెప్పాడు. బ్యాంకులో చేసి రిటైరైన పెద్దాయన. ఫీజు రెండు వందలు. రిజిస్టర్‌లో నా పేరు రాసుకుని, పెన్ను ఆపి, మెల్లగా, "బాబూ, మొదట్లో ఓంకారం ఉంటుంది. మీకేమన్నా ఇబ్బందైతే ఊరికే శ్వాస తీసుకోండి, నేనేమీ అనుకోను" అన్నాడు. అలా అడిగినవాళ్లు ఆయన ఒక్కడే. మిగతా రెండు చోట్లా నా పేరు స్కాన్ అయిన నంబరు మాత్రమే.

క్లాసయ్యాక చాయ్ తాగుతూ ఆయనకు నా ఫోన్‌లో కొన్ని బొమ్మలు చూపించాను. జటలు కట్టిన జోగి ఒకడు పద్మాసనంలో, ఇంకొకడు తలకిందులుగా, మరొకడు ఒళ్లు ముడుచుకుని. చుట్టూ నస్తాలీఖ్‌లో ఫార్సీ రాత. కితాబు పేరు బహ్ర్ అల్-హయాత్, అంటే జీవన సముద్రం. రాసింది షేక్ ముహమ్మద్ గౌస్ గ్వాలియరీ, షత్తారీ సిల్సిలా సూఫీ. హుమాయూన్ బాద్‌షా అదబ్‌తో చూసిన మనిషి. 1563లో పోయాడు. గ్వాలియర్‌లో ఆయన మఖ్బరా పక్కనే తాన్‌సేన్ సమాధి. ఆ కితాబు కూడా ఆయన గాలిలోంచి తీసింది కాదు. అమృతకుండం అనే భారతీయ గ్రంథం అంతకు చాలా ముందే అరబీలోకి పోయింది. కామరూపం నుంచి ఒక జోగి బెంగాల్‌లోని లఖ్‌నౌతికి వచ్చి, ఖాజీ రుక్నుద్దీన్ సమర్ఖందీతో వాదించి, ఆ తర్వాత తన విద్య ఆయనకు నేర్పాడని అందులోని ముందుమాట చెప్తుంది. కిస్సా పాలు ఎంతో గానీ, ఆ అరబీ పాఠాన్నే గౌస్ సాబ్ 1550 ప్రాంతంలో పెంచి ఫార్సీలో రాశాడు. 21 ఆసనాలు వర్ణించాడు. మంత్రాల పక్కన వాటికి సాటిగా అల్లాహ్ పేర్లు పెట్టాడు. ఇవి జోగుల విద్యలని మాత్రం ఎక్కడా దాచలేదు.

1602 ప్రాంతంలో అలహాబాద్‌లో షాజాదా సలీం కోసం ఆ కితాబుకు బొమ్మలు వేయించారు. తర్వాత జహంగీర్ అయింది ఆ సలీమే. ఆసనాలను వరసగా బొమ్మలతో చూపిన గ్రంథాల్లో ఇంతకన్నా పాతది ఇప్పటిదాకా బయటపడలేదు. ఇప్పుడది డబ్లిన్‌లో చెస్టర్ బీటీ లైబ్రరీలో ఉంది. 2013లో వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ పెట్టిన యోగా ప్రదర్శనలో అందులోని బొమ్మలను జనం చూశారు.

పెద్దాయన కళ్లజోడు పైకి తోసుకుని ఒక్కో బొమ్మను వేళ్లతో పెద్దది చేసుకుంటూ చూశాడు. రాత చదవమన్నాడు. నాకు వచ్చిన ఫార్సీ ఎంత? బడిలో ఉర్దూతో పాటు ఒంటబట్టినంత. అక్కడక్కడ కూడబలుక్కుని చదివాను. ఇద్దరం కలిసి సగం సగం అర్థం చేసుకున్నాం. ఆయనకు ఆసనం తెలుసు, నాకు అక్షరం తెలుసు. చాయ్ చల్లారిపోయింది.

మా మస్జిద్ దగ్గర ఒక దోస్త్ ఈ సంగతి విని, అయితే మాత్రం యోగా మనకు జాయజేనా అన్నాడు. ఆలిమ్‌ను కాను, ఫత్వా ఇవ్వను. మలేషియా ఫత్వా కౌన్సిల్ 2008లో వద్దంది, సౌదీ అరేబియా 2017లో ఆటల కింద ఒప్పుకుంది. ఆ రెండూ చెప్పి ఊరుకున్నాను. సూఫీల హబ్స్-ఎ-దమ్, పాస్-ఎ-అన్ఫాస్ అంటే శ్వాసను బిగబట్టడం, శ్వాసను కాపలా కాయడం. బాబా ఫరీద్ ఊచ్‌లో బావిలోకి తలకిందులుగా వేలాడి నలభై రాత్రులు చిల్లా చేశాడని చెప్పుకుంటారు. అల్-బిరూనీ పదకొండో శతాబ్దంలోనే పతంజలిని అరబీలోకి తెచ్చాడు. ఇవన్నీ అతనికి తెలియవు. నాకూ నలభై దాటేదాకా తెలియవు. ఉర్దూ మీడియంలోనూ చెప్పలేదు, తెలుగు డిగ్రీలోనూ చెప్పలేదు.

ఇక వేడి సంగతి. నిజంగా పనిచేస్తుందా? 2018లో టెక్సస్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లు నలభై నుంచి అరవై ఏళ్ల మధ్య వాళ్లతో పన్నెండు వారాలు ఈ 26 ఆసనాలే చేయించారు. కొందరితో వేడి గదిలో, కొందరితో మామూలు గదిలో. రక్తనాళాలకు మేలు రెండు చోట్లా కనిపించింది. వేడి అదనంగా ఇచ్చింది లేదు. పాత గ్రంథాలైతే ఇంకా సూటిగా ఉన్నాయి. హఠయోగ ప్రదీపిక కొత్తగా మొదలుపెట్టినవాణ్ని నిప్పుకు దూరంగా ఉండమంటుంది. ఘేరండ సంహిత యోగాను వసంతంలోనో శరత్తులోనో మొదలుపెట్టు, గ్రీష్మంలో వద్దంటుంది. నేను మొదలుపెట్టింది మే నెలలో, హీటర్ కింద!

యునానీలో పసీనా పట్టించడం ఒక ఇలాజ్. తారీఖ్ అనే అంటారు దాన్ని కూడా, కాకపోతే అరబీలో అక్షరాలు వేరు. హమ్మాం ఇంకో ఇలాజ్. హమ్మాంలో గదులు వరసగా ఉంటాయి: మొదటిది చల్లన, రెండోది వెచ్చన, మూడోది వేడి. మెల్లగా లోపలికి పోవాలి, మెల్లగా బయటికి రావాలి. బంజారా హిల్స్‌లో నేను 40 డిగ్రీల్లోంచి తలుపు తీసుకుని నేరుగా ఏసీ లాంజ్‌లో పడ్డాను. తల తిరిగి గోడ పట్టుకున్నాను. ఆ మాట మాకు తెలిసిన హకీమ్ సాబ్‌కు చెప్తే, "మియా, మధ్య గది ఎక్కడ పోయింది?" అన్నాడు.

నడుము కాస్త నయమే. వేడి గదులకు పోవడం మానేశాను. పెద్దాయన రాసిచ్చిన ఏడు ఆసనాల చిట్టీ ఫ్రిజ్ మీద అంటించి ఉంది. పొద్దున ఫ్యాన్ కింద చేస్తున్నాను.

బక్రీద్‌కు వరంగల్ పోయినప్పుడు అబ్బాకు ఇదంతా చెప్పాను. డెబ్బై ఎనిమిదేళ్లు. ఇప్పుడు కుర్సీలో కూర్చునే నమాజ్ చేస్తాడు. జవానీలో మండీబజార్ వెనక ఒక తాలీంలో దండ్లు, బస్కీలు తీసినవాడు. తెలుగులో కూడా తాలింఖానా అనే అంటాం గదా, కసరత్తునూ పహిల్వాన్‌నూ తెచ్చుకున్నట్టే ఆ మాటనూ తెచ్చుకున్నాం. ఆ తాలీం ఇప్పుడు టెంటు సామాను పెట్టుకునే గోదాము. వెయ్యి రూపాయల సంగతి వినగానే అబ్బా మొదట అడిగింది, "ఉస్తాద్ కౌన్?" అని. ముగ్గురి గురించీ చెప్పాను. కలకత్తావాళ్ల గురించి కూడా చెప్పాను. వింటూ వింటూ, మా తాలీంకు కిటికీ ఉండేది కాదు బేటా అన్నాడు. వేడి ఊరికే వచ్చేది. ఎర్రమట్టిలో పసుపు, నూనె కలిపేవాళ్లు. ఒళ్లంతా చెమటలు కారుతుంటే ఎవడన్నా తుండుగుడ్డ తీస్తే ఉస్తాద్ అరిచేవాడట: "పసీనా పోంఛ్నా నక్కో రే, మల్నా!" తుడవొద్దు, ఒంటికి రుద్దుకో అని.

నా నోట మాట రాలేదు. హఠయోగ ప్రదీపికలో అదే ఉంది, శ్రమతో పట్టిన చెమటను ఒంటికే రుద్దుకోమని. ఆ ఉస్తాద్‌కు అంగూఠా తప్ప సంతకం రాదని అబ్బాయే చెప్తుంటాడు. ఎవరు చెప్పారు ఆయనకు అని అడిగాను. "ఉన్కే ఉస్తాద్" అన్నాడు అబ్బా, అదేం సవాల్ అన్నట్టు.

తర్వాత చెయ్యి పట్టుకుని లేచి, ఆంగన్‌లోకి నడిచి, కుర్సీ తెప్పించుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నం మూడు. రాతిపలకలు కాలుతున్నాయి. "కర్ కే దిఖా" అన్నాడు. చాప పరిచి, చేతులు పైకెత్తి పక్కకు వంగాను. మోకాలికి కొట్టుకుని అబ్బా అరిచాడు.

"కమర్ సీదీ రఖ్ రే!"